చర్చ: కెన్యా పల్లెలో మా బడి నడవాలి సరే, పిల్లల హోమ్ కూడా నడవాలా?

మచాకోస్ మాస్టారు (చర్చ మొదలుపెట్టినవారు):
మాది గుంటూరు జిల్లా. పదకొండేళ్లుగా కెన్యాలోని మచాకోస్ కౌంటీలో ఒక చిన్న ట్రస్టు బడిలో పనిచేస్తున్నాను. బడి వెనకే హోమ్, అందులో 34 మంది పిల్లలు. ఎయిడ్స్‌తో ఊళ్లకు ఊళ్లు పెద్దదిక్కు కోల్పోయిన రోజుల్లో మొదలైంది. విక్టోరియా సరస్సు వైపు జిల్లాల నుంచి కూడా పిల్లల్ని తెచ్చారు. ఇప్పుడున్న వాళ్లలో సగానికి పైగా తల్లో తండ్రో బతికే ఉన్నారు. చదువు కోసం, కడుపు నిండా తిండి కోసం పంపినవాళ్లే. బడి ఉంచి, హోమ్ మెల్లగా మూసేద్దామని నేనంటున్నాను. ట్రస్టులో మిగతావాళ్లు ఒప్పుకోవడం లేదు.

పోయిన ఆగస్టు సెలవుల్లో తొమ్మిదేళ్ల బాబును ఆ సరస్సు వైపున్న సియాయాలో వాళ్ల నాయనమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. రాత్రంతా బస్సు, తర్వాత గంటసేపు బోడా (అద్దె మోటార్‌సైకిల్) మీద. ఆమె గుమ్మంలోనే వాడి రెండు చేతులూ పట్టుకుని లువో భాషలో ఏదో అడిగింది. వాడు నా మొహం చూశాడు. నాలుగేళ్లప్పుడు వచ్చేశాడు, వాడికిప్పుడు స్వాహిలీ, ఇంగ్లిషు తప్ప రావు. పక్కింటి కుర్రాడు స్వాహిలీలో చెప్పాడు: "తిన్నావా అని అడుగుతోంది." ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు.

నైరోబీ గృహిణి:
మాస్టారూ, మా పాప పుట్టినరోజుకు ఏటా ఒక హోమ్‌లో భోజనాలు పెట్టిస్తాం. ఆ పిల్లలకు శుభ్రమైన పక్క, దోమతెర, వేళకు ఉగాలీ (మొక్కజొన్న సంకటి) ఉన్నాయి. ఇంటికి పంపాక ఆడపిల్లను నీళ్ల డబ్బాలు మోయడానికి పెట్టి బడి మాన్పిస్తే? చిన్న వయసులోనే పెళ్లి చేసేస్తే? కన్నవాళ్ల దగ్గర ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు కదండీ.

వెల్ఫేర్ హాస్టల్ కుర్రాడు:
నేను సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో పెరిగాను. అది లేకపోతే నాకు చదువే లేదు, కాబట్టి హాస్టల్ అనగానే తప్పు అనలేను. కానీ దసరాకి అమ్మ వచ్చేది. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్టాండు దాకా నడిచేది. నేను ఎవరి బిడ్డనో నాకూ తెలుసు, వార్డెన్‌కూ తెలుసు. సెలవులకు కూడా ఇంటికి వెళ్లని పిల్లాడి సంగతి వేరు. మాస్టారూ, మీ దగ్గర సెలవుల్లో ఎంతమంది ఉండిపోతారు?

మచాకోస్ మాస్టారు:
డిసెంబరులో కూడా దాదాపు అందరూ. ఛార్జీలకు డబ్బుండదు. వాళ్లు ఊళ్లో ఉంటే దాతలకు చూపించడానికి ఎవరూ ఉండరన్న మాట కూడా మా మీటింగులో వినిపించింది. అది విని సిగ్గేసింది.

కిసుము కేస్‌వర్కర్:
ఇక్కడ హోమ్ పిల్లల్ని ఇళ్లకు చేర్చడమే నా ఉద్యోగం. కొత్త హోమ్‌ల రిజిస్ట్రేషన్‌ను ప్రభుత్వం 2017 నవంబరులోనే ఆపేసింది. 2022లో కొత్త బాలల చట్టం వచ్చింది. పిల్లల్ని హోమ్‌ల నుంచి కుటుంబాలకు చేర్చడానికి 2032 దాకా పదేళ్ల ప్రణాళిక కూడా వేసుకున్నారు. కాబట్టి మాస్టారు అడగాల్సింది ఎలా మూయాలని.

హడావిడిగా మాత్రం వద్దు. సెలవులయ్యాక తిరిగి రావద్దని చెప్పి పంపేయడం మూయడం కాదు, వదిలేయడం. ముందు ఇల్లు చూడాలి, బంధువులతో మాట్లాడాలి, రెండు మూడు సెలవులకు పంపి చూడాలి, చేరాక కూడా వెళ్లి చూస్తుండాలి. ప్రాథమిక విద్య 2003 నుంచి ఉచితమే అయినా యూనిఫాం, మధ్యాహ్న భోజనం, పుస్తకాల ఖర్చు దగ్గరే నాయనమ్మలు ఆగిపోతారు. అనాథ పిల్లలను సాకే పేద కుటుంబాలకు సర్కారు ఇచ్చేది నెలకు 2,000 షిల్లింగులు, అదీ అందరికీ అందదు. హోమ్‌లో వంటకు, వాచ్‌మన్‌కు, కట్టెలకు, నీళ్ల ట్యాంకరుకు పోసే డబ్బులో కొంత ఎం-పెసాలో (ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి) నెలనెలా ఆ ముసలామెకు పంపితే పిల్లాడు అక్కడే చదువుకుంటాడు.

నైరోబీ గృహిణి:
మరి కొట్టే ఇల్లయితే అక్కా? అసలు ఎవరూ లేకపోతే?

కిసుము కేస్‌వర్కర్:
అలాంటి వాళ్లను పంపకూడదమ్మా. ముందు దగ్గరి బంధువులు, తర్వాత పెంపుడు కుటుంబం. ఏదీ కుదరకపోతే కొద్దిమందికి హోమ్ అవసరమే. అందుకే ఒక్కొక్కరి విషయం విడిగా తేల్చాలి.

మచాకోస్ మాస్టారు:
మీ పుట్టినరోజు భోజనాల మీద నాకు చెడు అభిప్రాయం లేదమ్మా, మా పిల్లలు ఆ రోజు కోసం నిజంగా ఎదురుచూస్తారు. కానీ ఆ డబ్బే ఒక పిల్లాడి రానుపోను బస్సు ఛార్జీకి ఇవ్వగలరా? డిసెంబరుకు ఆరుగురిని పంపాలని చూస్తున్నాను. మొదటి టికెట్టు ఆ బాబుదే. రోజూ రాత్రి అన్నాలయ్యాక, కిసుము నుంచి వచ్చిన మా వంటామె దగ్గర కూర్చుని వాడు లువో నేర్చుకుంటున్నాడు. మొదట అడిగి నేర్చుకున్న మాట, "తిన్నాను."