సైలేజీ గడ్డిలో వయ్యారిభామ: ఏరాలా, కలిపి కోసేయొచ్చా?

కొట్టం_నల్గొండ:
అందరికీ నమస్కారం. నాకు ఐదు ముర్రా గేదెలు, రెండెకరాల మేత ఉన్నాయి. ఎకరంలో సూపర్ నేపియర్ గడ్డి, ఇంకో ఎకరంలో ఆఫ్రికన్ టాల్ మొక్కజొన్న. ఈసారి వానలు విడవకుండా పడటంతో కలుపు తీయడానికి చేలోకి దిగలేకపోయాం. దసరా వెళ్లింది, మొక్కజొన్న కంకి పాలు పోసుకుంది, నేపియర్ మనిషెత్తు దాటింది. ఎండాకాలానికి సైలేజీ (పచ్చిమేతను ముక్కలు చేసి గాలి తగలకుండా గుంతలో నిలవ పెట్టడం) వేద్దామంటే గట్ల పొడుగునా, సాళ్ల మధ్యనా వయ్యారిభామ కలుపు నడుమెత్తు లేచి తెల్లగా పూసి ఉంది. కూలీలు పత్తి ఏరడానికి పోతున్నారు, ఇటు ఎవరూ రారు. మా నాన్న "గుంతలో ఎలాగూ మురుగుతుంది కదరా, అన్నీ కలిపి గడ్డి కోసే కట్టర్‌లో వేసెయ్" అంటున్నాడు. ఎవరైనా అలా చేశారా?

పాలబిందె_చిత్తూరు:
చేశాను తమ్ముడూ. చేశాను కాబట్టే వద్దంటున్నా. రెండేళ్ల కింద సైలేజీ నలభై బస్తాలు కట్టాం, ఏరే ఓపిక లేక. జనవరిలో మూతి విప్పితే వాసన బాగానే ఉంది, పుల్లగా. ఆవులు మాత్రం ముక్కుతో అటూ ఇటూ నెట్టి, మొక్కజొన్న ముక్కలు ఏరుకుని తిని, మిగతాది తొట్లో వదిలేశాయి. కొంచెం బెల్లం నీళ్లు చల్లి బలవంతాన తినిపించాం. ఆ సాయంత్రం కాఫీ ఒక గుటక తాగి మా ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. చేదు! మర్నాడు పాల కేంద్రంలో క్యాను వాసన చూసి వెనక్కి పంపారు. రెండు పూటల పాలు పోయాయి. ఆ డబ్బుతో నలుగురు కూలీలను పెట్టి ఏరించి ఉండొచ్చు.

గోపాలమిత్ర_పాతకాపు:
నాన్నగారి మాటలో ఒక పొరపాటుంది బాబూ. గుంతలో గడ్డి మురగదు, పులుస్తుంది. గాలి ఆడకుండా తొక్కితే, గడ్డిలోని చక్కెరను సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పాలు తోడుకున్నట్టే అనుకోండి. పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) నాలుగు దాకా దిగాక ఇంకేమీ చెడదు. అంటే గడ్డి ఎలా వేస్తే అలా నిలవ ఉంటుంది. అందులో చేదుంటే చేదూ, విషముంటే విషమూ నిలవ ఉంటాయి. వయ్యారిభామ ఒక్కటే కాదు, గట్టు మీద ఉమ్మెత్త, గన్నేరు, తలంబ్రాల చెట్టు ఉన్నాయేమో ముందు నడిచి చూసుకోండి. పచ్చిగా ఉంటే పశువు వాసన చూసి వదిలేస్తుంది. ముక్కలై, పులిసి, మొక్కజొన్నలో కలిసిపోతే దానికి ఏం తెలుస్తుంది?
ఇంకోటి, గట్టి పెంకున్న కలుపు గింజలు పులిసినా చావవు. పేడలో బయటికొస్తాయి, ఎరువుతో పాటు మళ్లీ మీ చేలోకే.

కొట్టం_నల్గొండ:
అర్థమైంది సార్. ఏరడమే. మరి త్వరగా పోవడానికి ఏదైనా మందు కొట్టొచ్చా? మా పక్క రైతు ఉప్పు నీళ్లు కొట్టమంటున్నాడు.

రేగడి_కర్నూలు:
వారంలో కోసి పశువుకు పెట్టే మేత మీద మందేంటి అన్నా! ఇప్పుడు ఏ కలుపుమందూ వద్దు. లీటరు నీళ్లకు 200 గ్రాముల కల్లుప్పు కలిపి కొట్టడం రోడ్డు పక్కలకీ, ఖాళీ జాగాలకీ సరే. నేను తెలివిగా చేలోనే ఒక చాలు కొట్టాను. వయ్యారిభామ మాడింది, నేపియర్ పిలకలూ మాడాయి, ఆ మేర తర్వాత గరిక కూడా సరిగా లేవలేదు.
చేత్తో పీకండి, అదీ నేల తడి ఆరకముందే. కొడవలితో కోస్తే మొదలు నుంచి నాలుగు కొమ్మలు వేస్తుంది, వేరుతో రావాలి. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది కాబట్టి పీకినవి గట్టు మీద పారేయొద్దు, గింజ పడకముందే కుప్ప వేసి కాల్చండి. చేతులకు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. మా అమ్మకు మెడ, మోచేతులు దద్దుర్లెక్కి ఆరు వారాలు పట్టింది తగ్గడానికి. ఇప్పటికీ చేలోకి రానివ్వం.

సీతమ్మ_చేను:
వచ్చే పంటకు ముందే చూసుకోవాలి. మేము మొక్కజొన్న విత్తిన రెండు రోజుల్లో అట్రాజిన్ అనే కలుపుమందు 50% పొడి ఎకరాకు 800 గ్రాములు, నల్లరేగడైతే కిలో, 200 లీటర్ల నీళ్లలో కలిపి తడి నేల మీద కొడతాం. కానీ సాళ్ల మధ్య బొబ్బర్లు వేస్తే అట్రాజిన్ ముట్టొద్దు, బొబ్బర్లు పోతాయి. ఆ పొరపాటు మా ఇంట్లోనే జరిగింది కాబట్టి గట్టిగా చెబుతున్నా. అలా కలిపి వేసేవాళ్లు పెండిమిథాలిన్ అనే కలుపుమందు కొట్టుకోవచ్చు.
వయ్యారిభామ ఆకులు తినే మెక్సికో పెంకు పురుగు కూడా ఉంది, 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో మా గట్ల మీద బాగానే కనిపిస్తుంది. ఎండలు ముదిరాక కనపడదు, దాని మీద భరోసా పెట్టుకోలేం.

తెనాలి_టు_కార్క్:
నేను ఐర్లండ్‌లో ఒక డెయిరీ ఫారంలో పని చేస్తున్నా. ఇక్కడ ఇదే గొడవ రాగ్‌వర్ట్ అనే పసుపు పూల మొక్కతో. పచ్చిగా ఉంటే చేదుకి ఆవులు ముట్టవు. కోసి వాడిపోతే, సైలేజీలోకి పోతే తినేస్తాయి. దాని విషం కాలేయాన్ని పాడు చేస్తుంది, పులిసినా పోదు. అందుకే మా ఓనరు కోతకు ముందు పొలమంతా నడిపించి వేర్లతో పీకిస్తాడు. డాక్ అని ఇంకో మొండి కలుపుకు మాత్రం సెప్టెంబరులో, ఆకు లేతగా ఉన్నప్పుడే మందు కొడతారు, పూతకొచ్చాక లాభం లేదంటారు. సైలేజీ గుండ్రటి కట్టలకు ప్లాస్టిక్ చుడతాం, దాన్ని కాకులు పొడుస్తాయి. మీకు ఎలుకలు, మాకు కాకులు!

గోదారిగట్టు:
కలుపు గురించి అందరూ చెప్పారు, నేను తడి గురించి చెబుతా. మా వైపు కార్తీకంలో తుఫాను వానలు. ముసురులోనే నేపియర్ కోసి గుంత నింపాం. నాలుగో రోజుకి కింద నుంచి గోధుమరంగు నీళ్లు, నెలకి కుళ్లు వాసన. మొత్తం పెంటకుప్పకే. నేపియర్‌లో నూటికి ఎనభై పాళ్లు నీళ్లే, కోశాక ఒక పూట ఎండలో వాడనివ్వాలి. కట్టర్ ముక్కలు పిడికిట గట్టిగా పిసికి వదలండి. నీళ్లు కారితే తడెక్కువ, ముద్ద ఠక్కున విడిపోతే ఎండిపోయింది, మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉన్నట్టు. నేపియర్‌లో చక్కెర తక్కువ, వంద కిలోలకు రెండు కిలోల నాసిరకం బెల్లం కరిగించి చల్లండి. మొక్కజొన్న పాలకంకి దాటి గింజ సగం గట్టిపడ్డాక కోస్తే దానికి బెల్లం అక్కర్లేదు.

కొట్టం_నల్గొండ:
అయితే మొక్కజొన్న ఇంకో వారం ఆపుతా, ఈలోపు ఏరడం అవుతుంది. లెక్క చూడండి: ఐదు గేదెలు, రోజుకు 15 కిలోలు, వంద రోజులు, అంటే ఏడున్నర టన్నులు. ఘనపు అడుగుకు 15 కిలోలు పట్టినా 10 అడుగుల పొడవు, 10 వెడల్పు, 5 లోతు గుంత సరిపోతుందా?

గోపాలమిత్ర_పాతకాపు:
తరుగు పోతుంది కాబట్టి పొడవు ఇంకో రెండడుగులు పెంచండి. ముక్క అంగుళం లోపే ఉండాలి. అడుగు మందం వేసి ట్రాక్టరుతో తొక్కించి, మళ్లీ అడుగు. రెండు రోజుల్లో నింపి మూసేయాలి. 45 రోజుల దాకా టార్పాలిన్ ఎత్తి చూడొద్దు. మీ నాన్నగారు చూస్తారు, ఆయన్ని ఆపండి.

కొట్టం_నల్గొండ:
సంక్రాంతి ముందు తెరిచాం. నేనూ, మా ఆవిడా, తమ్ముడూ కలిసి నాలుగు రోజులు ఏరాం. మూడు ట్రాక్టర్ల కలుపు, అందులో ఉమ్మెత్త మొక్కలు ఏడు! పైన ఒక మూల నాలుగు వేళ్ల మందం బూజు పట్టింది, పారేశాం. కింద లేత పసుపు రంగు, పుల్లటి వాసన. మూడు కిలోలతో మొదలెట్టి పెంచుతున్నాం, పాలు పిండాకే వేస్తున్నాం. పెద్ద గేదె మొదటి రోజు మొహం తిప్పుకుంది, మూడో రోజుకి బుట్ట కనపడితే చాలు అరుస్తోంది. నాన్న నలభయ్యో రోజే ఒక మూల ఎత్తి చూశాడని ఇప్పుడు తెలిసింది. బూజు సరిగ్గా ఆ మూలే. ఒక ప్రశ్న: టార్పాలిన్‌కి ఎలుక కన్నం పడింది, గుడ్డ కుక్కితే సరిపోతుందా?

గోదారిగట్టు:
గుడ్డ వద్దు, గాలి లోపలికి పోతుంది. కన్నం చుట్టూ తుడిచి ప్లాస్టిక్ టేపు అంటించి, మీద మట్టి వేసి తొక్కండి. కన్నం కింద బూజు కనిపిస్తే ఆ మేర తీసి పారేయండి, పశువుకు పెట్టొద్దు.