అసలు నిష్పత్తి మారకుండా కత్తిరించడం: దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

సభ్యులందరికీ నమస్కారం. చెన్నైలోని మా తెలుగు సంఘం తీసుకువచ్చే ఉగాది సంచికకు పాత కుటుంబ ఫోటోలు కావాలని కోరుతూ నేనొక ప్రకటన వ్రాశాను. అందులోని "ఫోటోలను అసలు నిష్పత్తి మార్చకుండా తగ్గించి పంపగలరు" అన్న వాక్యాన్ని ముగ్గురు మూడు విధాలుగా అర్థం చేసుకున్నారు. ఒకరు చుట్టూ ఉన్నదంతా తీసివేసి ముఖాలను మాత్రమే పంపారు. ఇంకొకరు చిత్రాన్ని ఉన్నదున్నట్లుగా చిన్నది చేశారు. మూడవవారు వెడల్పును మాత్రమే తగ్గించడంతో, తిరువల్లిక్కేణి కోనేటి మెట్ల మీద కూర్చున్న వారి నాయనమ్మగారు గుర్తుపట్టలేనంత సన్నబడిపోయారు. ఆమె నుదుటి మీది గుండ్రని బొట్టు కోడిగుడ్డులా నిలువుగా సాగింది. ఆ బొట్టును చూసినప్పుడే, లోపం పంపినవారిది కాదనీ, నా వాక్యానిదేననీ నాకు అర్థమైంది.

"తగ్గించడం" అన్న ఒక్క మాటలో మూడు పనులు ఇరుక్కున్నాయి. చిత్రంలో కొంత భాగాన్ని తీసివేయడం ఒకటి. ఏమీ తీయకుండా మొత్తాన్ని చిన్నది చేయడం రెండవది. ఒక వైపు మాత్రమే నొక్కడం లేదా సాగదీయడం మూడవది. రెండవదానికి "కుదించడం" అనవచ్చునని మొదట అనుకున్నాను గానీ, కథను కుదించారంటే అందులో కొంత పోయిందనే మనం అర్థం చేసుకుంటాము కనుక, "చిన్నది చేయడం" అన్న సాదా మాటే నిలబడుతుందని నా అభిప్రాయం. మొదటిదానికి "కత్తిరించడం" ఉండనే ఉంది. అయితే ఫోటో కత్తిరించమంటే మనిషి ఆకారం చుట్టూ కత్తెర పోనిచ్చి బొమ్మను విడదీయడమని భావించేవారు ఉన్నారు. "అంచులు కత్తిరించడం" అంటే ఆ సందేహం తీరుతుంది.

అంచులు కత్తిరించడానికి ఇంగ్లీషులో వాడే క్రాప్ అన్న మాటనే ఉంచితే ఏమని కొందరు అడుగవచ్చు. నాకు అభ్యంతరం లేదు. ఆ మాట మన ఇంటికి రావడం ఇది రెండవసారి. పిలకలు తీయించి "క్రాఫు" పెట్టించుకున్న కాలంలోనే అది తల మీదికి ఎక్కింది. ఇప్పుడు ఫోటో మీదికి వచ్చింది. అయినా ఫోటోలు పంపవలసిన పెద్దలలో చాలామందికి క్రాఫు తెలిసినంతగా క్రాప్ తెలియదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది "అసలు" అన్న మాట. "అసలు నిష్పత్తి మార్చకుండా" అంటే మొదట ఉన్న నిష్పత్తిని మార్చకుండా అని నా ఉద్దేశం. నిష్పత్తిని ఏమాత్రమూ మార్చకుండా అని కూడా చదవవచ్చు. ఇక్కడ రెండింటి ఫలితం ఒకటే కనుక నష్టం లేదు. కానీ "అసలు ఫోటోను కత్తిరించవద్దు" అని వ్రాసినప్పుడు ఏమవుతుందో చూడండి. మూలప్రతిని అలాగే ఉంచి నకలును కత్తిరించమని ఒక అర్థం. కత్తిరించనే వద్దని మరొక అర్థం. మాట్లాడేటప్పుడు గొంతు ఈ తేడాను చెబుతుంది, వ్రాతలో ఆ సహాయం ఉండదు.

ఇక నిష్పత్తి. గణితంలో ఈ మాట స్థిరపడింది. "శబ్దనిష్పత్తి" అన్నప్పుడు మాత్రం పదం పుట్టుక అనే అర్థంలో వేరుగా వినిపిస్తుంది. ఇంట్లో మనం వాడే మాట "పాళ్లు". ఇడ్లీకి ఒక పాలు మినప్పప్పు, రెండు పాళ్లు రవ్వ. గ్లాసుతో కొలిచినా సోలతో కొలిచినా ఆ పాళ్లు మారవు, పిండి మాత్రమే ఎక్కువో తక్కువో అవుతుంది. ఫోటోకు కావలసిన భావం సరిగ్గా ఇదే. 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు ఉన్న చిత్రంలో మూడు పాళ్ల వెడల్పుకు రెండు పాళ్ల ఎత్తు ఉంటుంది. పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ములోని 36×24 చట్రానిదీ అదే లెక్క. ఫోన్‌తో తీసిన ఫోటోలు చాలావరకు 4:3 పాళ్లలో వస్తాయి. అటువంటి అడ్డ ఫోటోను స్టూడియోలో 6×4 అంగుళాల కాగితం నిండా వేయించుకుంటే, 6 అంగుళాల వెడల్పుకు 4.5 అంగుళాల ఎత్తు కావాలి కనుక, అర అంగుళం ఎక్కడో ఒకచోట పోక తప్పదు. గుంపు ఫోటోలలో వెనుక వరుసవారి తలలు తెగేది అందువల్లనే.

నేను మార్చి వ్రాసిన వాక్యం ఇది: "ఫోటో వెడల్పు, ఎత్తుల పాళ్లు మొదట ఎలా ఉన్నాయో అలాగే ఉంచి, అంచులు మాత్రమే కత్తిరించి పంపండి." పెద్దలు సరిచూడవలసిందిగా కోరుతున్నాను.

పెరంబూరు నుండి, లెక్కల మాస్టారుగా పనిచేసి విరమించిన ఒక సభ్యుల స్పందన:

అమ్మా, వాక్యం బాగుంది. "పాళ్లు" నాకూ ఇష్టమే. ఒక్క విషయం చేర్చవలసి ఉంది. రెండు కొలతల మధ్య ఉండేది నిష్పత్తి. రెండు నిష్పత్తులు సమానమైతే అది అనుపాతం. మీరు కోరుతున్నది పాత చిత్రం కొలతలూ కొత్త చిత్రం కొలతలూ అనుపాతంలో ఉండాలని. 6000, 4000 కొలతల చిత్రాన్ని 4500, 3000కు కత్తిరించారనుకోండి. 6000 : 4000 = 4500 : 3000 అని వ్రాస్తే, అంత్యముల (చివరల ఉన్న రెండు అంకెల) లబ్ధం 6000×3000, మధ్యముల (నడుమ ఉన్న రెండు అంకెల) లబ్ధం 4000×4500. రెండూ 1 కోటీ 80 లక్షలే. కనుక పాళ్లు చెడలేదు.

లెక్క వేయలేనివారికి కర్ణం, అంటే ఎదురెదురు మూలలను కలిపే గీత, చాలు. చిన్నప్పుడు మింటు వీధి దగ్గర ఒక అచ్చాఫీసులో చూశాను. ఫోటో మీద పలుచని కాగితం పరిచి, ఎడమ పై మూల నుండి కుడి కింది మూలకు పెన్సిలుతో ఒక గీత గీసేవారు. పై మూలను కదపకుండా ఎదురు మూలను ఆ గీత మీద ఎక్కడ నిలిపినా, ఏర్పడే చట్రం పాళ్లు ఫోటో పాళ్లే. ఆ చట్రాన్ని తరువాత ముఖాలున్న చోటికి జరుపుకొని, ఫోటోను అచ్చువేయడానికి బ్లాకు చేసేవారికి గుర్తు పెట్టి ఇచ్చేవారు. ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లలో షిఫ్ట్ మీట నొక్కి ఉంచి మూలను లాగితే జరిగేది ఇదే.

నా సమాధానం:

మాస్టారూ, ధన్యవాదాలు. "అనుపాతం" మీరు చెప్పినట్లు కచ్చితమైన మాట. వ్యాసమైతే తప్పక అదే వాడుతాను. ప్రకటనలో మాత్రం పాళ్లనే ఉంచుతాను. మీ కర్ణం చదివాక మరొక మాట తట్టింది. మామల్లపురంలో శిల్పులు విగ్రహం కొలతలకు తాళమానం పాటిస్తారు. ముఖం పొడవును ఒక తాళంగా తీసుకొని, నవతాళం, దశతాళం అని మొత్తం ఎత్తును నిర్ణయిస్తారు. విగ్రహం జానెడైనా నిలువెత్తుదైనా ఆ పాళ్లు తప్పవు. ఫోటో కొలతలు మార్చేచోట వెడల్పు, ఎత్తుల గడుల పక్కన తరచుగా కనిపించే చిన్న బొమ్మ కూడా తాళమే, తలుపుకు వేసే తాళం. అర్థంలో రెండూ వేరైనా, ఇక్కడ రెండూ పాళ్లనే కాపాడుతున్నాయి. అందుకని చిన్నది చేసి పంపేవారి కోసం ప్రకటనలో మరొక వాక్యం చేర్చాను: "కొలతల పక్కన తాళం గుర్తు ఉంటే, అది వేసి ఉన్నదో లేదో చూసుకొని, ఆ తరువాతే అంకెలు మార్చండి."