బుడగ పేలుతుందా, చిట్లుతుందా? 1720 నాటి ఒక మాట గురించి

అనువాదకురాలు, తెనాలి:

అందరికీ నమస్కారం. 18వ శతాబ్ది తొలినాళ్ల లండన్ గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. సౌత్ సీ కంపెనీ అనే ఇంగ్లీషు వర్తక సంస్థ కథ. 1720 జనవరిలో 128 పౌండ్లున్న వాటా వేసవికి వెయ్యి దాకా ఎగబాకింది, సెప్టెంబరు ఆఖరుకు 150 దగ్గరకు పడిపోయింది. పత్రికల్లో రోజూ చూసే మాటే కదా అని "బుడగ పేలింది" అని రాశాను. ఆ ఏడాది పార్లమెంటు చేసిన చట్టాన్ని, ఇంగ్లీషులో బబుల్ యాక్ట్ అంటారు, "బుడగల చట్టం" అన్నాను. మా సంపాదకుడు రెండు చోట్లా ఎర్ర సిరాతో ప్రశ్నార్థకాలు వేసి పంపారు. మొదటిదాని పక్కన: "మా ఊళ్లో నీటి బుడగ చిట్లుతుంది, పేలదు." రెండోదాని పక్కన: "ధర కూలింది సెప్టెంబరులో, చట్టం జూన్‌లో. తేదీ తప్పా, లేక వాళ్లకు జ్యోతిషం తెలుసా?"

తేదీ సరిచూశాను. జూనే. మరి కూలకముందే బుడగ అన్న పేరు ఎలా వచ్చింది? తెలిసినవారు చెప్పండి.

తెలుగు మాస్టారు, బందరు:

అమ్మా, మొదటి ప్రశ్నలో మీ సంపాదకుడిదే గెలుపు. మన బుడగ నీళ్లలో పుట్టింది. వాన చినుకు పడితే గుంటలో లేస్తుంది, చప్పుడు లేకుండా చిట్లుతుంది. సంస్కృతంలో బుద్బుదం. "బుద్బుదప్రాయమైన బతుకు" అని హరికథల్లో, చావు ఇళ్లలో ఎన్నిసార్లు విన్నామో! ఠప్పుమని పేలేది పిల్లలు తిరునాళ్లలో కొనుక్కునేది. దాన్ని కొన్ని చోట్ల బూర అంటారు, కొన్ని చోట్ల బుగ్గ అంటారు, చాలాచోట్ల బుడగ అనే అంటారు. ఈ మూడో అలవాటు వల్లనే వ్యాపార వార్తల్లో బుడగ పేలడం మొదలైంది. రాసేవారి మనసులో ఉన్నది రబ్బరు బుడగ. లండన్‌లో మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త రబ్బరు బుడగ చేసింది 1824లో. 1720 నాటి లండన్ మనిషి ఎరిగినది నీటి బుడగ, సబ్బు బుడగ. కాబట్టి ఆ కథలో చిట్లించండి, పేల్చకండి.

అన్నట్టు బుగ్గ అంటే నేలలోంచి ఉబికే ఊట కూడా. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి పేరు అలా వచ్చిందే. ఇది మీ ప్రశ్నకు సంబంధం లేదు, చెప్పకుండా ఉండలేకపోయాను.

బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, వరంగల్:

మాస్టారూ, చిట్లడం, పేలడం సంగతి మీకే వదిలేస్తున్నాను. రెండో ప్రశ్నకు నేను చెబుతాను, ఎందుకంటే అసలు తిరకాసు అక్కడుంది.

ఈ రోజు మనం బుడగ అంటే ధర తన విలువను మించి ఉబ్బిపోవడం అనుకుంటున్నాం. 1720 నాటి ఇంగ్లీషులో బబుల్ అంటే మోసం. క్రియగా వాడితే ఒకడికి టోపీ పెట్టడం. ఇంకా విచిత్రం, టోపీ పెట్టించుకున్న అమాయకుణ్ని కూడా బబుల్ అనేవారు. 17వ శతాబ్ది చివరి నాటకాల్లో ఈ వాడుక కనిపిస్తుంది. ఆ ఏడాది ఎక్స్చేంజ్ సందులోని కాఫీ దుకాణాల్లో రోజుకొక కొత్త కంపెనీ పేరు చెప్పి వాటాలు అమ్మేవారు. అలాంటి కంపెనీ ప్రతిదీ ఒక బబుల్. ధర పెరిగినా తగ్గినా దాని పేరు అదే. చిట్లడం కోసం ఆగనక్కరలేదు.

ఇప్పుడు జూన్ చట్టం అర్థమవుతుంది. రాజు ఇచ్చే అధికార పత్రమో పార్లమెంటు అనుమతో లేకుండా వాటాల కంపెనీ నడపడాన్ని ఆ చట్టం నిషేధించింది. 1720 జూన్ 24 నుంచి అమలు. ప్రజలను కాపాడటానికి తెచ్చారని పాఠ్యపుస్తకాలు చదివి అనుకుంటాం. అసలు సంగతి వేరు, చిన్న కంపెనీలు జనం డబ్బును తమవైపు లాగేస్తున్నాయని సౌత్ సీ వాళ్లకు కడుపుమంట. పెద్ద టోపీ చిన్న టోపీల మీద తెప్పించిన చట్టం అది! అదే చట్టంలో రెండు బీమా కంపెనీలకు అనుమతి కూడా దొరికింది, దానికి వేరే బేరం. ఆగస్టులో నాలుగు కంపెనీల మీద నోటీసులు వెళ్లాయి. జనం బెదిరి చేతిలో ఉన్నవన్నీ అమ్ముకోసాగారు. ఆ అమ్మకాల వరద పెద్ద కంపెనీని కూడా ముంచడంలో ఒక కారణమైంది. తాను తీసిన గోతిలో తానే పడటమంటే అదే. ఆ చట్టం 1825 దాకా బతికింది.

నా గోడు ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వీధిలో ఒక చీటీల కంపెనీ బోర్డు తిప్పేసింది. మా అమ్మ పోపుల డబ్బాలో దాచిన సొమ్మూ పోయింది. ఆ రోజు ఎవరూ బుడగ చిట్లింది అనలేదు. పంగనామాలు పెట్టారు అన్నారు. మన భాషకు ఆ మాట ఉండగా బుడగ ఎందుకు? బుడగ అంటే దోషి ఎవరూ ఉండరు. నీళ్లలో పుట్టింది, నీళ్లలో పోయింది, దైవలీల.

తెలుగు మాస్టారు, బందరు:

అయ్యా, మీ కోపం న్యాయమైనదే. కానీ ఇంగ్లీషు బబుల్‌లో వేదాంతం లేదనకండి. షేక్స్పియర్ నాటకంలో సైనికుడు ఫిరంగి నోటి ముందు కీర్తి అనే బుడగ కోసం వెతుకుతాడు. అది అచ్చంగా మన బుద్బుదమే. రెండు అర్థాలూ పక్కపక్కనే ఉండేవి. 1720 వాళ్లు మోసమనే అర్థంలో వాడారు, తర్వాతివాళ్లు క్షణికమనే అర్థం కలిపి చదివారు. నాకు అలా తోస్తోంది.

తెనాలి అమ్మకు ఇంకో మాట. సౌత్ సీని దక్షిణ సముద్రం అనకండి. తెలుగువాడు దక్షిణ సముద్రం అనగానే రామసేతువు దగ్గరకు వెళ్లిపోతాడు. 1513లో బాల్బోవా అనే స్పెయిన్ అన్వేషకుడు పనామా దగ్గర భూమి ఇరుకున నిలబడి చూస్తే అవతలి సముద్రం దక్షిణాన కనిపించింది, అందుకని స్పెయిన్ వాళ్లు దాన్ని దక్షిణ సముద్రమన్నారు. మనం పసిఫిక్ అంటున్నది అది. కంపెనీ పేరులో దక్షిణ అమెరికా చుట్టుపక్కల నీళ్లన్నీ కలిపేశారు.

యానాం మిత్రుడు:

ఆలస్యంగా చేరాను, క్షమించండి. అదే ఏడాది అదే పిచ్చి పారిస్‌లోనూ ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ ఉంది. మూడు భాషలూ మూడు పేర్లు పెట్టాయి, చూడండి.

పారిస్‌లో నడిపినవాడు జాన్ లా అనే స్కాట్లండ్ వాడు. 1716లో బ్యాంకు పెట్టాడు, 1717లో మిసిసిపీ వర్తకానికి కంపెనీ పెట్టాడు, 1719లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీని దానిలో కలిపేశాడు. 500 లివ్రుల వాటా ఆ ఏడాది చివరకు పదివేలకు చేరింది. వాటాల బేరం జరిగే కాంకంపువా వీధిలో కాగితాలు రాసుకోవడానికి చోటు లేక ఒక గూనివాడు తన వీపునే బల్లగా అద్దెకిచ్చేవాడట. ఈ మొత్తం వ్యవహారాన్ని ఫ్రెంచివాళ్లు బుడగ అనలేదు. 'సిస్టమ్' అన్నారు, లా గారి సిస్టమ్. మోసం అనే మాట దానిలో లేదు, లెక్కల వాసన ఉంది. 1720 డిసెంబరులో లా దేశం విడిచి పారిపోయాక కూడా ఆ పేరే నిలిచింది.

డచ్చివాళ్లది వేరే తరహా. వాళ్లు 'విండ్‌హాండెల్' అన్నారు. విండ్ అంటే గాలి, హాండెల్ అంటే వ్యాపారం. 1630లలో తులిప్ పూల దుంపలకు జనం ఎగబడిన పిచ్చి నాటినుంచీ ఉన్న మాట. చేతిలో లేని సరుకు అమ్మడం, కొనడం. ఇది తెలుగులోకి ఒక్క అక్షరం మార్చకుండా వస్తుంది: గాలి వ్యాపారం. గాలి కబుర్లు, గాలి మేడలు మనకు ఉండనే ఉన్నాయి. నన్నడిగితే ఈ మూడింటిలో డచ్చి మాటకే నా ఓటు.

మా ఊరి సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. లా పారిపోయాక మిగిలిన కంపెనీయే యానాంలో 1723లో వర్తక స్థావరం పెట్టింది, 1727లో మూసింది, 1731లో మళ్లీ తెరిచింది. తర్వాతి కాలంలో పుదుచ్చేరి గవర్నరుగా చేసిన జాన్ లా ద లోరిస్తో, ఈ జాన్ లాకు తమ్ముడి కొడుకు. గోదావరి ఒడ్డున మేము ఆ గాలికి బంధువులమే.

అనువాదకురాలు, తెనాలి:

మిత్రులందరికీ కృతజ్ఞతలు. యానాం మిత్రుడి గాలి వ్యాపారం నాకు బాగా నచ్చింది, కానీ డచ్చి మాటను లండన్ వాళ్ల నోట పెట్టలేను. ఇంకో చిక్కు. వ్యాసంలో ఉన్న ఒక కథ ప్రకారం ఒకడు "గొప్ప లాభం వచ్చే పని, అదేమిటో ఎవరికీ తెలియకూడదు" అని ప్రకటించి డబ్బు పోగుచేశాడు. నిజమేనా?

బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, వరంగల్:

అది తర్వాతివాళ్లు కట్టిన కథ అని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. "అని చెప్పుకుంటారు" అని పెట్టండి. నిజంగా జరిగినదే చాలు, కల్పన అవసరం లేదు. కంపెనీ మంత్రులకు వాటాలిచ్చింది, డబ్బు తీసుకోలేదు. ధర పెరిగాక తిరిగి కొన్నట్టు రాసి తేడా చేతిలో పెట్టింది. రాజు ప్రియురాలికీ ముట్టింది. ఆ రాజు మొదటి జార్జి, ఆ కంపెనీకే గవర్నరు! 1721 జనవరిలో కోశాధికారి రాబర్ట్ నైట్ సముద్రం దాటి పారిపోయాడు. ఆర్థికమంత్రి ఏస్లబీ జైలుకు వెళ్లాడు. దీన్ని బుద్బుదం అంటారా?

ఇంకో విషయం, ఎవరూ ఎత్తలేదు. ఆ కంపెనీకి చేతిలో ఉన్న నిజమైన వ్యాపారం ఏమిటో చూడండి. స్పెయిన్ సింహాసనం కోసం జరిగిన యుద్ధం ముగిశాక 1713లో ఉట్రెక్ట్ సంధితో ఇంగ్లండుకు స్పెయిన్ వలసలకు బానిసలను చేరవేసే హక్కు వచ్చింది, అది కంపెనీకి అప్పగించారు. ఏడాదికి 4,800, ముప్పై ఏళ్లు. ఏమిటి 4,800? మనుషులు కాదు. 'పియేసా' అని స్పానిష్ మాట, అంటే ఒక ముక్క. ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న ఒక మగవాడు ఒక ముక్క. పిల్లలు, ముసలివాళ్లు ముక్కలో భాగం. మీరు "4,800 మంది బానిసలు" అని రాసి ఉంటే దిద్దండి. ఆ లెక్కలో మనుషులు అంతకన్నా ఎక్కువే ఉంటారు.

అనువాదకురాలు, తెనాలి:

"4,800 మంది" అనే రాశాను. దిద్దుతాను. కానీ ముక్క అని రాస్తే పాఠకుడికి మాంసం దుకాణం గుర్తొస్తుందేమో.

బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, వరంగల్:

రానివ్వండి.

తెలుగు మాస్టారు, బందరు:

రానివ్వండి అన్నది బాగుంది. కానీ ఇంకో మాట చూడండి, తాను. బట్టల బేరంలో ఇంగ్లీషువాళ్లు పీస్ అన్నదాన్ని మనం తాను అన్నాం. చిన్నప్పుడు మా నాన్న వెంట దుకాణానికి వెళితే తాను విప్పి పరిచేవారు. మన తీరంలో నేసిన బట్టలు అప్పట్లో ఓడలెక్కి ఐరోపా చేరి, అక్కడినుంచి ఆఫ్రికా తీరానికి వెళ్లి మనుషులను కొనడానికి మారకం అయ్యేవి. బట్టల తాను ఇచ్చి మనిషి ముక్కను కొనడం. ఆ లెక్క రాసిన గుమాస్తాకు రెండూ సరుకు పేర్లే. నేనైతే 'పియేసా'ను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో విప్పి చెబుతాను. మాంసం దుకాణం గుర్తుచేస్తే పాఠకుడు ఒకసారి ముఖం తిప్పుకుని ముందుకు పోతాడు. విప్పి చెబితే లెక్క వేసుకుంటాడు.

బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, వరంగల్:

ఈసారి మాస్టారికే నా ఓటు.

అనువాదకురాలు, తెనాలి:

సంపాదకుడితో ఫోనులో మాట్లాడి తేల్చినవి ఇవి. చట్టం పేరు "బుడగ కంపెనీల చట్టం". ఒక్క "కంపెనీల" అనే మాట చేర్చేసరికి జూన్ తేదీ మీద ఆయన ప్రశ్న తానే పోయింది. బబుల్ అని క్రియగా వచ్చిన మూడు చోట్లా "కుచ్చుటోపీ పెట్టడం". సెప్టెంబరు గురించి చెప్పేచోట బుడగే తీసేశాను, "ధర కూలింది" అంతే. పేలడమూ లేదు, చిట్లడమూ లేదు. మాస్టారు నొచ్చుకోకూడదు.

చివరగా ఒకటి మిగిలింది. 1721 ఏప్రిల్‌లో ఖజానా పెత్తనం చేపట్టిన రాబర్ట్ వాల్పోల్ పెద్దలను విచారణ నుంచి కాపాడాడని జనం అతనికి "స్క్రీన్ మాస్టర్ జనరల్" అని ఎగతాళి పేరు పెట్టారు. "తెర సేనాధిపతి" అని రాస్తే సినిమా వాడనుకుంటారని సంపాదకుడి భయం.

తెలుగు మాస్టారు, బందరు:

నొచ్చుకోవడమెందుకమ్మా, తీసేయడమూ అనువాదమే. తెర ఒక్కటే వద్దు. మన తెర రంగస్థలం మీదిది, ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది. వాళ్ల స్క్రీన్ ఇంట్లో పొయ్యి సెగ తగలకుండా ముందు నిలబెట్టే అడ్డు, అది లేవదు. "అడ్డుతెరల అధిపతి" అనండి.

యానాం మిత్రుడు:

అధిపతి కన్నా దొర బాగుంటుంది. అడ్డుతెరల దొర.

అనువాదకురాలు, తెనాలి:

దొర ఖాయం. పంపేస్తున్నాను.