అప్‌డేట్: కప్పల భయం ఇప్పుడు ఎలా ఉందంటే

కప్ప కనిపిస్తే ఒళ్ళంతా వణుకు, వానపడితే బయటికి వెళ్ళాలంటేనే టెన్షన్, ఏం చేయాలి అని ఆమధ్య అడిగాను కదా. మీరన్నట్టే సైకాలజిస్ట్‌ని కలిశాను. దీన్ని బాట్రకోఫోబియా అంటారట. ఎక్స్‌పోజర్ థెరపీ మొదలైంది: ముందు బొమ్మ, తర్వాత ఫొటో, ఆపైన వీడియో. దడ తగ్గాకే తర్వాతి మెట్టు.

అన్నిటికన్నా కష్టమైంది వీడియోలో ఆ గొంతు కింద చర్మం అదేపనిగా కొట్టుకోవడం చూడటం. కప్ప అలాగే గాలిని ఊపిరితిత్తుల్లోకి నెడుతుందని తెలిశాక కళ్ళు తిప్పుకోకుండా చూడగలిగాను. ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది కూడా నిజం కాదు, అవి హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయి. ఎంత ఊరటగా అనిపించిందో!

ఉన్నట్టుండి మీదికి దూకుతుందేమోనన్న భయం మాత్రం ఇంకా పోలేదు. వచ్చే సెషన్లలో దాన్నే చూద్దామన్నారు.