ఇంజిన్ ఆయిల్ ఎన్నాళ్ళకు మార్చాలి? స్టిక్కర్ ఒకటంటోంది, పుస్తకం ఇంకొకటంటోంది

కొత్త కాపురం:
అందరికీ నమస్కారం. ఈ చలి ఊరికి వచ్చి రెండు నెలలైంది, వారం కిందట సెకండ్ హ్యాండ్ కారు తీసుకున్నాను. 1.5 లీటర్ల టర్బో పెట్రోలు, ఆటోమేటిక్, 92,000 కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ ఎప్పుడు మార్చాలో తేలడం లేదు. అద్దం మూలన గ్యారేజీ అంటించిన స్టిక్కర్ 5,000 కాగానే రమ్మంటోంది. బండితో వచ్చిన పుస్తకం 15,000 లేదా ఏడాది అంటోంది. డ్యాష్‌బోర్డేమో ఆయిల్ ఆయుష్షు ఇంకా 60 శాతం ఉందంటోంది. ఆఫీసు 6 కిలోమీటర్లు, పొద్దున పూట చలి సున్నాకు కిందే. ఎవరి మాట వినమంటారు?

మాన్యువల్ మాస్టారు:
పుస్తకం మాటే. కాకపోతే చదవాల్సిన పేజీ మీరు చదవలేదు. 15,000 అని ఉన్న పట్టిక పక్కనో, కింద చిన్న అక్షరాల్లోనో ఇంకో పట్టిక ఉంటుంది, కఠిన వాడకానిది. ట్రిప్పు 8 కిలోమీటర్ల లోపు, గడ్డకట్టే చలిలో అయితే 16 లోపు, ఇంజిన్ ఆపకుండా గంటలకొద్దీ నిలబెట్టడం, దుమ్ము రోడ్లు, ట్రెయిలర్ లాగడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. కంపెనీని బట్టి అంకెలు కాస్త అటూ ఇటూ. "నేను మెల్లగా నడుపుతాను, ఆఫీసు పక్కనే, నాది తేలిక వాడకం" అనుకుంటారు చాలామంది. ఇంజిన్ లెక్క దానికి సరిగ్గా తలకిందులు.

పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత, మండకుండా మిగిలిన పెట్రోలు కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలుస్తాయి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఓ ఇరవై నిమిషాలు నడిస్తే చాలావరకు ఆవిరై పోతాయి. 6 కిలోమీటర్లలో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి చూపే ముల్లు మధ్యకు వస్తుందేమో గానీ ఆయిల్ ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. ఈలోపే మీరు ఇంజిన్ ఆపేస్తారు, నీళ్ళూ పెట్రోలూ అక్కడే ఉండిపోతాయి. రోజుకు రెండుసార్లు ఇదే తంతు. సిలిండర్‌లోకే నేరుగా పెట్రోలు చిమ్మే చిన్న టర్బోల్లో ఈ కలగలుపు ఇంకా ఎక్కువ. ఆయిల్ పోసే మూత తీసి లోపలివైపు చూడండి. మీగడలాంటి తెల్లటి తెట్టు ఉంటే అది చాలామటుకు ఈ తేమే. కూలెంట్ ట్యాంకులో మట్టం కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) అనుమానించాలి.

కఠిన పట్టికలో సాధారణంగా మామూలు అంకెకు సగం ఉంటుంది. అంటే మీకు 7,500 లేదా 6 నెలలు, ఏది ముందొస్తే అది. మీ తిరుగుడుకు ముందొచ్చేది ఆరు నెలలే.

పాత కాపు:
ఇంత పురాణం అక్కర్లేదు తమ్ముడూ. 5,000. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే గీతల పుల్ల) లాగి చూడు, నల్లబడితే మార్చెయ్. అంతే.

పానా పట్టినోడు:
పాత కాపు గారూ, ఆ రంగు మాట ఇక వదిలేయండి. మసినీ జిగురునూ గోడలకు అంటనివ్వకుండా తనలో మోసుకు తిరగడానికే ఆయిల్‌లో డిటర్జెంటు, డిస్పర్సెంటు మందులు కలుపుతారు. నల్లబడిందంటే పని చేస్తోందని అర్థం. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది. అదే తేనె రంగులో ఉన్న ఆయిల్ పెట్రోలు కలిసి పలచబడి ఉండొచ్చు. ఆ రెండోదే బేరింగులకు ఎసరు. వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి జాతకం చెప్పేవాళ్ళలో పెట్రోలు వాసన పట్టేవాళ్ళ మాట ఒక్కటే కాస్త నమ్మొచ్చు.

నిజంగా తెలుసుకోవాలంటే వాడిన ఆయిల్‌ను ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తారు. చిక్కదనం ఎంత, పెట్రోలు ఎంత శాతం, ఆమ్లాన్ని విరిచే శక్తి ఎంత మిగిలింది అన్నీ అంకెల్లో వస్తాయి. సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దగ్గర దుమ్ము దూరుతోంది. సోడియం, పొటాషియం కనబడితే కూలెంట్ కలుస్తుండొచ్చు.

పాత కాపు:
ల్యాబ్‌కు పంపే బదులు ఆ డబ్బు పెట్టి ఆయిలే పోసుకోవచ్చు కదా నాయనా. తొందరగా మార్చడం వల్ల పాడైన ఇంజిన్ ఒక్కటి చూపించు.

మాన్యువల్ మాస్టారు:
పాడవదు, నిజమే. అయితే ఆ 5,000 కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. కార్బ్యురేటర్లు, మినరల్ ఆయిల్ కాలం నాటి 3,000 మైళ్ళ మాట అది, 4,800 కిలోమీటర్ల చిల్లర. మంచి సింథటిక్ పోసి రోజూ గంటసేపు హైవే మీద వెళ్ళే బండికి దానికి రెట్టింపు, మూడింతలు కూడా చెల్లుతుంది. ఇతని బండికి 5,000 కిలోమీటర్లు తిరిగే లోపు ఏడాది దాటిపోతుంది. అందుకే కిలోమీటర్లు పట్టుకుని వేలాడితే మీ సలహా పుస్తకం కంటే వెనకబడుతోంది, చూసుకోండి.

డీజిల్ పెద్దన్న:
అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది బాబూ. ఇప్పుడు లోపలున్న ఆయిల్ ఏది? స్టిక్కర్ మీద గ్రేడు రాశారా? రసీదు ఉందా? డ్యాష్‌బోర్డు 60 శాతాన్ని చూసి నిమ్మళంగా ఉండకండి. చాలా కార్లలో అది ఆయిల్‌ను ముట్టుకుని చూసి చెప్పేది కాదు. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో, ఎన్నిసార్లు చల్లగా స్టార్ట్ అయింది అని లెక్క వేసి చెప్పేది. ఆయిల్ మార్చకుండా బటన్ నొక్కి 100కు తిప్పినా నోరెత్తదు. అమ్మేముందు దీపం ఆర్పడానికి చాలామంది చేసే పని అదే.

చరిత్ర తెలియని బండికి మొదటి వారంలోనే ఆయిలూ ఫిల్టరూ మార్చండి. 2,500 కిలోమీటర్లకో మూడు నెలలకో మళ్ళీ ఒకసారి. పాత జిడ్డు కొంత కరిగి వస్తుంది. ఆ తర్వాత మాస్టారు చెప్పిన లెక్క. ఫ్లష్ అని డబ్బాలో అమ్మే మందు జోలికి పోకండి. ఒక్కసారిగా ఊడిన జిడ్డు పెళ్ళలు ఆయిల్ పీల్చే గొట్టం జల్లెడకు అడ్డం పడితే పంపుకు ఆయిల్ అందదు.

పాత కాపు:
ఫ్లష్ విషయంలో మాత్రం పెద్దన్నతో ఏకీభవిస్తున్నా. తేదీ రాసిపెట్టుకోండి.

మంచుదారి:
గ్రేడు గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతా. డబ్బా మీద 5డబ్ల్యూ-30 లాంటిది ఉంటుంది చూడండి, అదే గ్రేడు. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ప్రవర్తనకు: 0డబ్ల్యూను మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర, 10డబ్ల్యూను మైనస్ 25 దగ్గర ఇంజిన్ తిప్పగలదా అని పరీక్షిస్తారు. వెనక అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనం: 20 అంటే 6.9 నుంచి 9.3 సెంటీస్టోకుల లోపు, 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు. వేడి ప్రాంతాల్లో 20డబ్ల్యూ-50 పోసి అలవాటైన చేయి ఇక్కడ కూడా "చిక్కగా ఉంటే మంచిది" అంటుంది. గడ్డకట్టే పొద్దున అది పై భాగానికి చేరేలోపు వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పొడిగా తిరుగుతుంది.

గ్రేడొక్కటే చాలదు, డబ్బా వెనక స్పెసిఫికేషన్ చూడండి. టర్బో పెట్రోలుకు కనీసం ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి ఎస్‌పీ ప్రమాణం ఉండాలి. 2020లో వచ్చింది, 2025లో దాని పైన ఎస్‌క్యూ వచ్చింది. తక్కువ చుట్ల దగ్గర ఎక్కువ లోడు పడితే ఈ చిన్న టర్బోల్లో మిశ్రమం స్పార్కు కంటే ముందే అంటుకుని పిస్టన్ పగలగొట్టే జబ్బు ఒకటుంది. క్యాల్షియం డిటర్జెంటు ఎక్కువున్న పాత తరహా ఆయిళ్ళు దాన్ని ఎగదోస్తాయి. ఎస్‌పీ పరీక్షల్లో ఆ జబ్బుకూ, టైమింగ్ చెయిన్ అరుగుదలకూ విడిగా పరీక్షలున్నాయి. యూరప్ కార్లయితే కంపెనీ సొంత నంబరు అడుగుతాయి, అదే ఉండాలి.

డీజిల్ పెద్దన్న:
డీపీఎఫ్ (పొగలో మసి పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్‌కైతే బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. వేరేది పోస్తే ఆ బూడిద ఫిల్టర్‌లో పేరుకుంటుంది, కాల్చినా పోదు.

మంచుదారి:
ఇతనిది పెట్రోలు బండి పెద్దన్నా.

డీజిల్ పెద్దన్న:
చదివేవాళ్ళలో డీజిల్ వాళ్ళూ ఉంటారు.

పానా పట్టినోడు:
సొంతంగా మార్చాలనుకుంటే విను తమ్ముడూ. నువ్వు అడగలేదు గానీ ఎలాగూ అడుగుతావు. ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి, సలసల కాగే ఆయిల్ చెయ్యి కాల్చేస్తుంది. చదునైన నేల, చక్రాలకు అడ్డు చెక్కలు, బండి కింద స్టాండ్లు. ఒక్క జాకీని నమ్మి కిందకు దూరితే మాత్రం నాతో మాట్లాడొద్దు. నాలుగు సిలిండర్ల బండికి మామూలుగా మూడున్నర నుంచి ఐదు లీటర్లు పడుతుంది, సరైన అంకె పుస్తకంలో ఫిల్టరుతో కలిపి అని ఉంటుంది. పాత ఆయిల్ పట్టే పళ్ళెం ఏడెనిమిది లీటర్లు పట్టేది తీసుకో.

ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు విప్పేముందు అది ఇంజిన్‌దేనా అని రెండుసార్లు చూడు. పక్కనే గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్టు ఉండే బళ్ళలో ఆటోమేటిక్ ఆయిల్ మొత్తం వంపేసి, నిండుగా ఉన్న ఇంజిన్‌లో ఇంకో నాలుగు లీటర్లు పోసినవాళ్ళు కొల్లలు. గేర్‌బాక్స్ ఖాళీ, ఇంజిన్‌లో నురగ, ఒకే దెబ్బకు రెండూ. కారిన తొలి చెంబెడు ఎర్రగా పలచగా ఉంటే వెంటనే ఆగు. కొన్ని గేర్‌బాక్స్ ఆయిళ్ళు ఎర్రగా ఉండవు కాబట్టి రంగును నమ్ముకోకుండా పుస్తకంలో బొమ్మ చూసుకునే చెయ్యి వెయ్యి.

బోల్టు కింద నలిగే వాషర్ ప్రతిసారీ కొత్తది. బిగింపు చాలా చిన్న కార్లకు 30 నుంచి 40 న్యూటన్ మీటర్లు, టార్క్ పానాతోనే. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ చాలా బళ్ళలో అల్యూమినియం. "ఇంకొంచెం" అన్నావంటే మరలు పోతాయి, ఆ తర్వాత కొత్త చాంబరే. ఫిల్టర్ రబ్బరుకు కొత్త ఆయిల్ రాసి చేత్తోనే తిప్పు, రబ్బరు తగిలాక ముప్పావు చుట్టు. పానాతో బిగించకు. ముందుగా అర లీటరు తక్కువ పోసి, స్టార్ట్ చేసి, నిమిషం నడిపి ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసుకుంటూ మిగతాది. రెండు గీతల మధ్య తేడా చాలా కార్లలో సుమారు లీటరు. పై గీత దాటిస్తే ఇంజిన్ కింది భాగంలో తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలుకుతుంది, నురగతో ప్రెషర్ నిలవదు.

అద్దె ఇంటి బాధితుడు:
పానా గారు చెప్పిందంతా బాగుంది. ముందు లీజు కాగితం చదవమని ఎవరూ చెప్పలేదు! ఒక అపార్ట్‌మెంటులో జరిగింది వినండి. ఒక కుర్రాడు పార్కింగ్‌లో సొంతంగా ఆయిల్ మార్చాడు. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు ఊడి ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయింది. చూసుకోలేదు, కొత్త ఫిల్టర్ దాని మీదే బిగించాడు. రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి. ఆ సాయంత్రం వేడి ఇంజిన్‌తో ఏమీ కారలేదు. మర్నాడు పొద్దున గట్టి చలి, చిక్కబడ్డ ఆయిల్, స్టార్ట్ చేయగానే ప్రెషర్ ఒక్కసారి పైకి లేచింది. పై రబ్బరు పక్కకు జారింది. గేటు దాకా వెళ్ళేసరికి డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపం. వెంటనే ఆపాడు కాబట్టి ఇంజిన్ దక్కింది గానీ మూడు లీటర్లకు పైగా నేల మీద చార.

అసలు తప్పు అప్పుడు చేశాడు: పైపు పెట్టి నీళ్ళు కొట్టాడు. ఆయిల్ కడుక్కుపోదు, పరుచుకుంటుంది. వాన నీటి కాలువలోకి వెళ్ళింది, ఎవరో ఫోను చేశారు. ఇంటి యజమాని లీజులో "ఆవరణలో వాహన మరమ్మతు చేయరాదు" అన్న వాక్యం చూపించి శుభ్రం చేయించిన ఖర్చంతా డిపాజిట్‌లో కోశాడు. తారు నేల మెత్తబడిందని ఇంకో కోత. తారు కూడా పెట్రోలియం సరుకే, ఆయిల్ దాన్ని కరిగిస్తుందన్నది నిజమే, వాదించడానికి ఏమీ లేదు.

ఒలికితే నీళ్ళు కొట్టకండి. పిల్లుల పెట్టెలో పోసే బంకమట్టి గుళికలు మందంగా చల్లి, చెప్పుకాలితో నలిపి, రాత్రంతా ఉంచి ఊడ్చేయండి. మళ్ళీ ఇంకోసారి. మిగిలిన మరకకు గిన్నెలు తోమే సబ్బు, గట్టి బ్రష్, కొద్ది నీళ్ళు, ఆ నీళ్ళను కూడా గుళికలతోనే పీల్చండి. పాత ఆయిల్ మూతున్న డబ్బాలో పోసి సేకరణ కేంద్రంలో ఇవ్వండి. అందులో కూలెంట్ గానీ బ్రేక్ ఆయిల్ గానీ కలిపితే తీసుకోరు.

పాత కాపు:
అందుకే గ్యారేజీకి వెళ్ళమనేది.

పానా పట్టినోడు:
గ్యారేజీలో రెండు రబ్బర్లు పడవా? పాత ఫిల్టర్ తిప్పి చూస్తే రబ్బరు దానికే ఉందా లేదా తెలిసిపోతుంది. రెండు సెకన్ల పని.

మాన్యువల్ మాస్టారు:
ఎవరు మార్చినా తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ స్పెసిఫికేషన్, ఫిల్టర్ నంబరు రాసుకుని రసీదులు దాచండి. వారంటీ మిగిలుంటే రేపు మాట్లాడేది ఆ కాగితాలే.

కొత్త కాపురం:
అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే వెళ్ళి డిప్‌స్టిక్ చూశాను. పై గీత కంటే దాదాపు సెంటీమీటరు పైన ఉంది. పెట్రోలు వాసన బాగానే వస్తోంది. మూత లోపల తెట్టు కూడా ఉంది. కూలెంట్ సరిగ్గానే ఉంది.

మాన్యువల్ మాస్టారు:
అయితే పెట్రోలు కలిసే మట్టం పెరిగి ఉండొచ్చు. ఏ అంకె కోసమూ ఆగొద్దు, ఈ వారమే మార్చేయండి. మార్చేదాకా హైవే ఎక్కి గట్టిగా తొక్కకండి. కొత్తది పోశాక మట్టం సరిగ్గా పై గీత దగ్గర పెట్టి, ఫోనుతో డిప్‌స్టిక్ ఫొటో తీసుకోండి. వారానికోసారి అరగంట నుంచి నలభై నిమిషాలు ఆగకుండా నడపండి. రెండు వారాలకోసారి, చల్లగా ఉన్నప్పుడు, అదే చోట నిలిపి మట్టం చూడండి.

పానా పట్టినోడు:
నెలలో మట్టం మళ్ళీ పైకి ఎక్కితే ముందు థర్మోస్టాట్ (కూలెంట్ దారిని తెరిచి మూసేది) చూపించు. తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజిన్ ఎంత నడిపినా వేడెక్కదు, క్యాబిన్ హీటర్ గాలి కూడా అంతంతమాత్రంగానే వస్తుంది. అది బాగుంటే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు. హీటర్ ఎలా ఉంది?

కొత్త కాపురం:
ఆఫీసుకు చేరేసరికి కూడా చల్లగాలే వస్తుందండీ. చలి ఎక్కువ కదా, అంతేలే అనుకున్నా.

పానా పట్టినోడు:
ఆయిల్‌తో పాటు థర్మోస్టాట్ కూడా చూడమని ఇప్పుడే రాయించుకో.