వేసవిలో టీచర్లకు ల్యాబ్ పరిశోధన: పిల్లలకేమైనా ఒరుగుతుందా?

డెట్రాయిట్ కెమిస్ట్రీ: అమెరికాలో ఎన్ఎస్ఎఫ్ (సైన్స్ పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ) డబ్బుతో బడి టీచర్లు వేసవిలో యూనివర్సిటీ ల్యాబుల్లో పరిశోధన చేసే పథకం ఉంది, ఆర్ఈటీ అంటారు. స్టైపెండ్ ఇస్తారు. మెటీరియల్స్ సైన్స్ వైపు అప్లై చేద్దామనుకుంటున్నాను. కానీ మా హైస్కూల్లో మంచి త్రాసు కూడా లేదు. ఆరు వారాలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దగ్గర కూర్చునొచ్చి పిల్లలకేం చెప్పను?

పీహెచ్‌డీ బాధితుడు: నిజం చెప్పనా? సేఫ్టీ ట్రైనింగ్, మెషీన్ నేర్చుకోవడం అయ్యేసరికి సగం వేసవి పోతుంది. టీచర్‌కి చేయి తిరిగే వేళకి ఇంటికెళ్లిపోతారు. నేర్పినవాడి థీసిస్ అక్కడే ఉంటుంది. ఆ డబ్బుతో నిటినాల్ (నికెల్, టైటానియం కలిపిన లోహం) తీగలు కొని బడులకు పంచడం నయం. వంచిన తీగ వేడినీళ్లలో వేయగానే తిన్నగా అవుతుంది, పిల్లలు నోరెళ్లబెడతారు.

న్యూజెర్సీ మాస్టారు: బాధితుడు గారూ, నోరెళ్లబెట్టాక "ఎందుకలా?" అంటారు కదా, అప్పుడో? నేను వెళ్లిన ల్యాబ్‌లో బంగారు నానోకణాలు చేశాం. మరుగుతున్న గోల్డ్ క్లోరైడ్ ద్రావణంలో సోడియం సిట్రేట్ పోస్తే లేతపసుపు పోయి, నల్లబడి, చివరికి దానిమ్మ రసంలా ఎర్రగా వస్తుంది. ఒకరోజు ఊదారంగు వచ్చింది. కణాలు గుంపు కట్టాయా? గాజుసామానులో ఉప్పు మిగిలిందా? సిట్రేట్ చాలలేదా? ఒక్కొక్కటే మార్చి చూస్తూ పోయాం. బళ్లో మనం చేయించే ప్రయోగాలకు జవాబు ముందే తెలుసు. తేడా వస్తే "మళ్లీ చెయ్" అనేసి ఊరుకుంటాం. ఇప్పుడు నా క్లాసులో తేడా వచ్చిన బీకరే ముందు టేబుల్ మీదికొస్తుంది.

డాలస్ అమ్మ: మీ సరదా బాగుంది మాస్టారూ. మరి పిల్లల మార్కులు?

న్యూజెర్సీ మాస్టారు: కొలంబియా యూనివర్సిటీ వాళ్లు 2009లో 'సైన్స్' పత్రికలో రాశారమ్మా. వాళ్ల వేసవి ల్యాబుల్లో చేసిన న్యూయార్క్ టీచర్ల పిల్లలు, టీచర్ చేరిన మూడు నాలుగేళ్లకి, రీజెంట్స్ అనే ఆ రాష్ట్రపు హైస్కూల్ సైన్స్ పరీక్షల్లో మిగతావాళ్లకంటే సుమారు 10 శాతం ఎక్కువగా పాసయ్యారు.

పీహెచ్‌డీ బాధితుడు: అప్లై చేసేవాళ్లే హుషారైన టీచర్లండీ! పైగా అది రెండు వేసవుల పథకం.

న్యూజెర్సీ మాస్టారు: చేరకముందు వాళ్ల పిల్లల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని అందులోనే ఉంది. రెండు వేసవుల మాట మాత్రం ఒప్పుకుంటాను, ఒక్క వేసవితో ఆపేస్తే ఫలితం అంత ఉండకపోవచ్చు. డెట్రాయిట్ గారూ, అప్లై చేసేముందే అడగండి: బడి తెరిచాక కూడా సాయం చేస్తారా, సామాన్లు అరువిస్తారా అని.

పీహెచ్‌డీ బాధితుడు: సామాన్లదేముంది, మా సెంటర్ అల్మారాలో డెమో కిట్లు దుమ్ముపట్టి ఉన్నాయి. అడిగిన టీచర్ లేరు.