సోలార్ ఎక్స్‌పోర్ట్ యూనిట్లు బిల్లులో సున్నా అని వస్తున్నాయి, ఎవరిని కలవాలి?

కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద మా ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. సింగిల్ ఫేజ్, ఇళ్ల కేటగిరీ. సబ్సిడీ 78,000 రూపాయలు బ్యాంకులో పడ్డాయి. వచ్చే కరెంటు, మేం గ్రిడ్‌కి పంపే కరెంటు రెండూ లెక్కించే నెట్ మీటర్ ఆగస్టు 18న బిగించారు.

మీటర్‌లో ఎక్స్‌పోర్ట్ (గ్రిడ్‌కి పంపిన కరెంటు) రీడింగ్ నిన్నటికి 684 యూనిట్లు. కానీ సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ మూడు బిల్లుల్లోనూ ఎక్స్‌పోర్ట్ 0 అనే ఉంది. గ్రిడ్ నుంచి వాడుకున్న యూనిట్లకు మాత్రం పూర్తి డబ్బు వేస్తున్నారు. ఇంపోర్ట్ (గ్రిడ్ నుంచి తీసుకున్న కరెంటు) రీడింగ్ సరిగ్గానే ఉంది, కాబట్టి మీటర్ తప్పు కాదనుకుంటున్నాను.

రీడింగ్ తీసే అబ్బాయిని అడిగితే తన మెషిన్‌లో ఎక్స్‌పోర్ట్ కాలమ్ రావడం లేదన్నాడు. కరెంటు సెక్షన్ ఆఫీసులో రెండుసార్లు మీటర్ ఫొటోలతో అర్జీ ఇచ్చాను. మా సర్వీసు బిల్లింగ్‌లో ఇంకా మామూలు కనెక్షన్‌గానే ఉందట, పైనుంచి మార్చాలట. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి కూడా ఫిర్యాదు చేశాను. నాలుగు రోజులకు పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది, ఏమీ మారలేదు. పెట్టించిన కంపెనీవాళ్లు తమ పని అయిపోయిందంటున్నారు. మా వీధిలో ఇంకో ఇద్దరు నా బిల్లు చూసి సోలార్ వద్దనుకుంటున్నారు, అదే ఎక్కువ బాధగా ఉంది.

ఇలా పోయిన పాత నెలల యూనిట్లను తర్వాతి బిల్లులో సర్దుబాటు చేయించుకున్నవాళ్లు ఉంటే, ఏ అధికారికి, ఏ కాగితాలతో అర్జీ ఇచ్చారో చెప్పగలరా?